పాటను పలికించే చేయి

ఒకప్పుడు రికార్డు ప్లేయరు ఉన్న ఇళ్ళలో పెక్కింట దాని ప్రక్కనే ఒక పావలా బిళ్ళ కూడ ఉండేది. పాట మధ్యలో ముల్లు ఒక గాడినుండి మరొక గాడిలోకి దూకినప్పుడు, లేదా ఒకే మాటను పట్టుకొని పదిసార్లు వల్లె వేసినప్పుడు, ఇంటిపెద్ద లేచి వచ్చి ఆ బిళ్ళను ముల్లున్న తలమీద పెట్టేవాడు. ముల్లు దారికి వచ్చేది, పాట సాగేది. చికిత్స అంతటితో ముగిసిందని అందరూ తృప్తి పడేవారు.

1957 తరువాత మన దేశంలో చెలామణీ అయిన నికెలు పావలా బిళ్ళ బరువు రెండున్నర గ్రాములు. ఎల్.పి. రికార్డుమీద ముల్లు మోపవలసిన బరువు సాధారణంగా ఒకటిన్నర గ్రాములకూ మూడు గ్రాములకూ మధ్య ఉంటుంది. అంటే పావలా బిళ్ళ ఆ బరువును ఒక్కసారిగా రెట్టింపు చేసిందన్న మాట. దూకుడు ఆగిన మాట నిజమే. కాని దూకడానికి కారణం ముల్లును మోసే చేతి అమరికలో ఉన్నది. ఆ కారణం అట్లాగే ఉండిపోయింది. రెట్టింపు బరువుక్రింద మాత్రం ప్రతిసారీ గాడి కొంచెం కొంచెం అరుగుతూ వచ్చింది. ఈనాడు అటకమీది రికార్డులను దించి, దుమ్ము తుడిచి, తాతలు విన్న కంఠాన్ని మళ్ళీ విందామని కూర్చున్న యువకులకు స, శ, ష మూడూ కలిసిపోయి ఒక్క బుసగా వినిపించడం కద్దు. గాయకుడు ఆ మూడింటినీ వేరువేరుగానే పలికాడు. తేడాను చెరిపివేసింది ముల్లు.

ఆ తప్పు ఎట్లా జరుగుతుందో, దానిని ఎట్లా దిద్దవచ్చునో తెలుసుకోవాలంటే ముందు గాడి సంగతి చూడాలి.

ఎల్.పి. రికార్డుకు ఒక్కొక్క వైపున ఉండే గాడి ఒకటే. అది బయటి అంచున మొదలై చుట్లు చుట్లుగా లోపలికి పోతుంది. ఇరవై నిమిషాలు పాడే వైపున ఆ గాడిని విప్పి తిన్నగా పరచగలిగితే నాలుగు వందల మీటర్లు దాటుతుంది. వెడల్పు మాత్రం తలవెంట్రుక మందమే. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అడ్డంగా కోసి చూస్తే అది ఆంగ్లాక్షరం ‘వి’ వలె ఉంటుంది. రెండు గోడలమీదా ధ్వనితరంగాలు చెక్కి ఉంటాయి. స్టీరియో రికార్డులో లోపలి గోడ ఎడమ చెవికి, బయటి గోడ కుడి చెవికి. ఒకే గాడిలో రెండు ధ్వనులను నిలిపే ఈ ఉపాయాన్ని 1931లోనే అలన్ బ్లమ్లైన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు పేటెంటుకు సమర్పించాడు. స్టీరియో రికార్డులు బజారుకు వచ్చింది 1958లో. ఆయన అంతవరకు బ్రతకలేదు. 1942లో, రాడారు పరీక్షలకు వెళ్ళిన విమానం కూలి, ముప్పయి ఎనిమిదేండ్ల వయస్సులో మరణించాడు.

రికార్డు నిమిషానికి ముప్పయి మూడుమీద మూడింట ఒక వంతు చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 1.8 సెకండ్లు. బయట ఉన్నా లోపల ఉన్నా ఈ కాలం మారదు. కాని బయటి చుట్టు పెద్దది, లోపలి చుట్టు చిన్నది గదా. బయటి అంచున ముల్లు క్రింద సెకండుకు అర మీటరు గాడి జరుగుతుంది; లోపలి అంచుకు వచ్చేసరికి ఇరవై ఒక్క సెంటీమీటర్లే. అదే పాట, అంతే సేపు, సగానికి తక్కువ చోటులో ఇరుకుకోవలసి వస్తుంది. ఊష్మాక్షరాల బుసలో సెకండుకు ఏడు వేల కంపనాలు ఉన్నాయనుకొంటే, వాటిలో ఒక్కొక్క తరంగం బయటి అంచున మిల్లీమీటరులో వెయ్యికి డెబ్బది మూడు వంతుల పొడవు ఉంటుంది; లోపలి అంచున ముప్పయి వంతులే. సాధారణమైన వజ్రపు ముల్లు కొన గుండ్రంగా ఉండి, దాని వ్యాసం ఇంచుమించు ముప్పయి ఆరు వంతులు. తరంగం ముల్లుకొన కన్న పొట్టిదైపోయిందన్న మాట. అంత ఇరుకులో ముల్లు ఏమాత్రం వంకరగా నిలిచినా శకారం శకారంగా వినిపించదు.

కచేరీ సంప్రదాయం ఈ లోపలి ఇరుకును ఎరుగదు. తిల్లానా, మంగళం చివరనే రావాలి. పాశ్చాత్య సంగీతంలోనైతే ఇబ్బంది మరీ ఎక్కువ. వారి సింఫనీలు గొప్ప ఆర్భాటంతో ముగుస్తాయి. ఫ్రెంచి స్వరకర్త రావెల్ 1928లో రచించిన ‘బొలేరో’ గుసగుసవలె మొదలై, పదిహేను నిమిషాలలో ఉరుమువలె పెరిగి ఆగిపోతుంది. ఆ ఉరుము సరిగా వచ్చి పడేది గాడిలో అన్నిటికన్న బీదదైన చోట. ఒక రికార్డు ప్లేయరును పరీక్షించదలచినవారు మొదటి పాటను వినడంవల్ల ప్రయోజనం తక్కువ. ప్రతి వైపునా చివరి పాటను వినాలి.

ఇక చేయి సంగతి.

రికార్డును మొదట చెక్కే యంత్రంలో కత్తి ఒక మరచువ్వ వెంట, అంచునుండి కేంద్రానికి, తిన్నని గీతమీద నడుస్తుంది. దాని ముఖం ఎప్పుడూ గాడికి ఎదురుగానే ఉంటుంది. వినేవారి ఇంటిలోని ముల్లుకు ఆ భాగ్యం లేదు. అది ఒక చేతి చివర ఉన్నది. ఆ చేయి మరొక చివర ఇరుసుమీద తిరుగుతుంది. కనుక ముల్లు నడిచేది చాపంమీద. కత్తి తిన్నగా నడిచిన త్రోవలో ముల్లు వంపుగా నడవవలసి రావడమే ఈ విద్యలోని చిక్కంతా. కత్తి నిలిచిన కోణానికీ ముల్లు నిలిచిన కోణానికీ మధ్య ఏర్పడే తేడాయే దోషం.

ఇరుసునుండి ముల్లుకొనవరకు 229 మిల్లీమీటర్లు, అనగా తొమ్మిది అంగుళాలు ఉన్న తిన్నని చేతిని, ముల్లు సరిగ్గా నడిమి మేకుమీదికి వచ్చేటట్లు బిగిస్తే, ఆ దోషం బయటి అంచున పద్ధెనిమిది డిగ్రీల పైచిలుకు, లోపల ఏడున్నర డిగ్రీలు ఉంటుంది. పూర్వపు గ్రామఫోను దీనిని సహించింది. సహించక చేయగలిగిందీ లేదు. లక్కతో చేసిన ఆ రికార్డులలో పలకరాతి పొడి కలిపేవారు. ఉక్కు ముల్లు ఆ గరుకుకు అరిగి, కొద్ది చుట్లలో గాడి ఆకారాన్నే తాను ధరించేది. అందుకే పాటకొక ముల్లు మార్చవలసి వచ్చేది. సౌండ్ బాక్సు బరువు వంద గ్రాములకు పైగా ఉండేది. పావలా బిళ్ళ అక్కడ లెక్కలోనిది కాదు.

ఈ కోణదోషాన్ని గణితంతో పట్టుకొన్నవారిలో ముందు చెప్పవలసినది పెర్సీ విల్సన్ పేరు. 1924లో ఆయన ‘గ్రామఫోన్’ అనే ఆంగ్ల మాసపత్రికలో దీనిని వివరించాడు. ఆ పత్రికను అంతకు ముందటి ఏడు స్థాపించినవాడు కాంప్టన్ మెకంజీ, వృత్తిచేత నవలాకారుడు. ఒక నవలా రచయిత పెట్టిన పత్రికలో ఒక జ్యామితి సమస్య తేలడం సాహిత్యాభిమానులు గర్వింపదగిన విషయమే. తరువాత 1938లో స్వీడనుకు చెందిన లోఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్ ఆ లెక్కను తుదివరకు నడిపించారు. నేటికీ రికార్డు ప్లేయర్లతో వచ్చే కోణమానినులలో చాలవరకు వీరి లెక్కలమీద గీసినవే.

వారు చెప్పిన ఉపాయంలో రెండు భాగాలు. మొదటిది, తలను చేతికి కొంత కోణంలో లోపలికి వంచడం. అప్పుడు దోషంలోనుండి అన్నిచోట్లా ఒకే మొత్తం తీసివేసినట్లవుతుంది. రెండవది, ముల్లును నడిమి మేకు వద్ద ఆపక, కొన్ని మిల్లీమీటర్లు దాటి ముందుకు పోయేటట్లు చేతిని నిలపడం. దీనిని ఓవర్‌హాంగ్ అంటారు. ఇది లోపలి దోషానికీ బయటి దోషానికీ మధ్యనున్న ఎగుడుదిగుళ్ళను చదును చేస్తుంది. రెండూ కలిసినా దోషం అంతటా సున్న కాదు. రెండేరెండు చుట్లవద్ద సున్న అవుతుంది. బేర్‌వాల్డ్ లెక్క ప్రకారం ఆ చోట్లు నడిమి మేకునుండి 66 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్లు.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇక్కడ ఒక క్షణం ఆగి కాగితం తీసుకోవచ్చు. త్రిభుజ సూత్రాన్ని ఈ చేతికి వర్తింపజేస్తే, దోషం సున్న అయ్యే దూరాలు ఒక వర్గసమీకరణపు మూలాలుగా తేలుతాయి. మూలాల లబ్ధం, చేతి పొడవు వర్గంలోనుండి ఇరుసుకూ నడిమి మేకుకూ మధ్య దూరపు వర్గాన్ని తీసివేయగా మిగిలిన దానికి సమానం. మూలాల మొత్తం, చేతి పొడవుకు రెట్టింపును తల వంపు కోణపు సైనుతో గుణించగా వచ్చినదానికి సమానం. 66ను 120.9తో గుణిస్తే 7979. 229 వర్గం 52,441. తీసివేస్తే 44,462, దాని వర్గమూలం 210.9. కనుక ఇరుసును మేకుకు 210.9 మిల్లీమీటర్ల దూరంలో నిలపాలి. ముల్లు మేకును దాటవలసినది 18.1 మిల్లీమీటర్లు. మొత్తం 186.9ని 458తో భాగిస్తే 0.408, అది ఇరవై నాలుగు డిగ్రీల సైను. వర్గసమీకరణాలు దేనికి పనికివస్తాయని తరగతిలో అడిగే పిల్లవానికి ఇంత చక్కని సమాధానం సులభంగా దొరకదు.

ఈ కొలతలతో అమర్చితే మిగిలే దోషం బయటి అంచున రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ, నడుమ ఒక డిగ్రీ పైన, లోపలి అంచున ఎనిమిది పదోవంతుల డిగ్రీ. ఈ మూడూ సమానంగా లేవేమని అనిపించవచ్చు. చెవికి తగిలే వికృతి దోషంతో పాటు పెరుగుతుంది, చుట్టు పెద్దదైనకొద్దీ తగ్గుతుంది; ఒక్కొక్క దోషాన్నీ అక్కడి వ్యాసార్ధంతో భాగించి చూస్తే మూడుచోట్లా ఇంచుమించు ఒకే విలువ వస్తుంది. ఇరుకైన చోట తక్కువ, విశాలమైన చోట ఎక్కువ, అందరికీ వారివారి శక్తినిబట్టి పన్ను వేసినట్లు. పద్యపాదంలో యతికీ ప్రాసకూ రెండు స్థానాలే కట్టుబడి ఉండి, మిగిలిన అక్షరాలకు గణాల మేరకు స్వేచ్ఛ ఉన్నట్లే ఇది కూడ. ఆ రెండు స్థానాలు తప్పితే పద్యం కుంటుతుంది.

అమర్చేవారి చేతిలో ఇది ఎట్లా జరుగుతుంది? ఒక అట్టమీద ఆ రెండు దూరాలవద్ద చిన్న గళ్ళు గీసి ఉంటాయి. అట్టకు నడుమనున్న రంధ్రాన్ని మేకుకు తొడిగి, పళ్ళెం కదలకుండా పట్టుకొని, ముల్లును మొదటి గడిలోని చుక్కమీద దించాలి. పైనుండి చూసినప్పుడు కార్ట్రిడ్జి ప్రక్కలు గడి గీతలకు సమాంతరంగా ఉండాలి. తరువాత రెండవ చుక్క. ఒకచోట సరిపోయి మరొకచోట సరిపోకపోతే, తలలోని సన్నని సందులో కార్ట్రిడ్జిని అర మిల్లీమీటరు ముందుకో వెనుకకో జరిపి మళ్ళీ చూడాలి. మొదటి రోజున అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. మంచి వెలుతురు, భూతద్దం, తొందర లేని మనస్సు కావాలి. ముల్లుకు తొడుగు తీసి ఉంటుంది గనుక చొక్కా చేతులు పైకి మడచుకోవడం మేలు. ముళ్ళు విరగడానికి చొక్కా అంచులే ఎక్కువ కారణమని అనుభవజ్ఞులంటారు.

కొన్ని చేతులలో కార్ట్రిడ్జి కదలదు, చేయే కదులుతుంది. ఇంగ్లండులో ససెక్సు ప్రాంతపు స్టైనింగ్ అనే చిన్న పట్టణంలో తయారైన ఎస్.ఎం.ఇ. చేయి అటువంటిది. ఆ సంస్థ 1946లో నమూనా యంత్రాల బొమ్మలు చేయడానికి పుట్టింది. స్థాపకుడు రాబర్ట్‌సన్ ఐక్‌మన్ తన ఇంటి వాడుకకు ఒక మంచి చేయి చేసుకోబోగా, దానిని చూసిన మిత్రులు మాకు కూడ కావాలన్నారు. 1959లో అది బజారుకు వచ్చింది. దాని పీఠం మొత్తం పట్టాలవంటి గాళ్ళమీద ముందు వెనుకలకు జరుగుతుంది. ఇరుసువద్ద చేయి కత్తి అంచుమీద ఊగుతుంది. కంసాలి త్రాసు కాడ ఊగినట్లే. పోలిక ఊరికే చెప్పినది కాదు. రికార్డు చేతికి పని త్రాసు పనే.

ఆ త్రాసును తూచడం ఇట్లా. ముందు రికార్డు ప్లేయరు బల్ల సమంగా ఉన్నదో లేదో నీటి బుడగ ఉన్న మట్టపు బద్దతో చూడాలి. తరువాత చేతి వెనుకనున్న గుండును త్రిప్పుతూ, చేయి పైకి లేవక, క్రిందికి వాలక గాలిలో తేలే స్థితికి తేవాలి. అది సున్న. అక్కడినుండి గుండును ముందుకు త్రిప్పి, కార్ట్రిడ్జిని చేసినవారు చెప్పిన బరువు పెట్టాలి. రెండు గ్రాములంటే కంసాలి లెక్కలో పదహారు గురిగింజల ఎత్తు.

ఈ బరువు విషయంలోనే లోకంలో ఎక్కువ భ్రమ ఉన్నది. పావలా బిళ్ళ పెట్టినవారిది ఒక పొరపాటు. దానిని తెలుసుకొన్నవారిలో కొందరు రెండవ కొసకు పోయి, ఎంత తేలికగా ఉంటే రికార్డుకు అంత మంచిదని బరువును తగ్గించివేస్తారు. ఇది మొదటిదానికన్న మంచిదేమీ కాదు. బరువు చాలని ముల్లు గట్టి స్వరం వచ్చినచోట గోడను విడిచి లేస్తుంది. లేచి మళ్ళీ గోడమీద పడుతుంది. వజ్రం కన్న గట్టి వస్తువు లేదు. రికార్డు మెత్తని ప్లాస్టిక్కు. ముల్లుకొన గోడను తాకే చోటు కంటికి ఆనని చుక్క. రెండు గ్రాములే అయినా ఆ చుక్కమీద ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు లెక్కిస్తే టన్నులలోకి పోతుంది. అటువంటి ముల్లు నిలకడగా జారిపోతే గాడి ఏళ్ళ తరబడి నిలుస్తుంది; ఎగిరి పడితే ఆ దెబ్బ ఆ చోట శాశ్వతంగా ఉండిపోతుంది. కార్ట్రిడ్జి చేసినవారు ఒకటిన్నరనుండి రెండు అని చెప్పి ఉంటే, ఒకటిముప్పాతికకు రెంటికీ మధ్య పెట్టడం వివేకం.

ఇప్పుడు తలను వంచినందుకు చెల్లించవలసిన బాకీ సంగతి. రికార్డు తిరుగుతున్నప్పుడు రాపిడివల్ల గాడి ముల్లును ముందుకు లాగుతుంది. చేయి తిన్ననిదై, ముల్లు గాడి దిక్కునే చూస్తూ ఉంటే ఆ లాగుడు సూటిగా ఇరుసుకు తగిలి అక్కడితో సరిపోయేది. కాని తల వంచి ఉన్నది; లాగుడు గీత ఇరుసుమీదుగా పోక ప్రక్కకు పోతుంది. ఫలితంగా చేయి ఎల్లప్పుడూ రికార్డు కేంద్రంవైపు తొలగజూస్తుంది. ఈ ప్రక్కలాగుడు ముల్లు బరువులో ఇంచుమించు పదోవంతు. చిన్నదే. కాని అది ముల్లును ఎప్పుడూ లోపలి గోడకే ఒత్తుతుంది. బయటి గోడతో పట్టు సడలుతుంది. అంటే ఎడమ చెవికి పాట బాగానే వస్తూ, కుడి చెవికి గట్టి స్వరాలవద్ద చీలినట్లు వస్తుంది. ముల్లు దూకినప్పుడు లోపలివైపే దూకడానికి కూడ ఇదొక కారణం. ఆనాడు పావలా బిళ్ళతో ఆపిన దూకుడులో కొంతభాగం దీనిదే.

దీనికి విరుగుడుగా ఎస్.ఎం.ఇ. చేతిలో ఒక సన్నని దారానికి చిన్న గుండు వ్రేలాడదీసి, ఆ దారం చేతిని బయటివైపుకు మెల్లగా లాగే ఏర్పాటు చేశారు. మరికొన్నింటిలో స్ప్రింగు, ఇంకొన్నింటిలో అయస్కాంతం ఆ పని చేస్తాయి. ఎంత పెట్టాలి? గాడి లేని నున్నని రికార్డుమీద ముల్లును వదలి, చేయి ఎటూ జరగకుండా నిలిచేవరకు సర్దే అలవాటు చాలమందికి ఉన్నది. అది అంత నమ్మదగిన పరీక్ష కాదు. నున్నని తలంమీద ముల్లు కొన మాత్రమే ఆనుతుంది. గాడిలో రెండు గోడలూ రెండు ప్రక్కలనుండి పట్టుకొంటాయి. ఆ రెండు రాపిడులూ ఒకటి కావు. పైగా స్వరం గట్టిపడినకొద్దీ రాపిడి మారుతుంది. కనుక సరియైన విలువ ఒకటంటూ లేదు, ఒక సగటు మాత్రమే ఉన్నది. రికార్డు చివరి పాటలో గట్టిగా పలికిన ఊష్మాక్షరాలను వింటూ, రెండు ప్రక్కలా ఒకే తీరుగా వినిపించేవరకు గుండును జరపడమే ఉత్తమం. తెలుగు ఉపాధ్యాయుల చెవి ఇందుకు అందరి చెవులకన్న బాగా పనికివస్తుంది. ఏళ్ళ తరబడి పిల్లల నోట శకార షకారాలను వేరుచేస్తున్నది ఆ చెవే.

ఎత్తు, నిటారుతనం అనేవి మిగిలినవి. పాడుతున్నప్పుడు ప్రక్కనుండి చూస్తే చేయి రికార్డుకు సమాంతరంగా ఉండాలి. ఎదురునుండి చూస్తే ముల్లు నిటారుగా ఉండాలి. ముల్లుక్రింద ఒక చిన్న అద్దపు ముక్క ఉంచితే ముల్లు, దాని ప్రతిబింబం కలిసి ఒకే నిలువుగీతగా కనిపిస్తాయి. వంకర ఉంటే మోకాలువలె విరిగి కనిపిస్తుంది. ఇంతకుమించిన సూక్ష్మాలకు పోయి ఎత్తును కాగితపు మందాలలో సర్దుకొంటూ రాత్రులు గడిపే రసికులూ ఉన్నారు. రికార్డుల మందాలే ఒకదానికొకటి కలవనప్పుడు ఆ తపస్సుకు ఎంత ఫలముందో వారే చెప్పాలి.

బయటికి కనిపించని మరొక పొందిక ఉన్నది. కార్ట్రిడ్జిలో ముల్లును మోసే సన్నని కాడ మెత్తని రబ్బరుమీద ఊగుతుంది. చేతి బరువు, ఆ రబ్బరు మెత్తదనం కలిసి ఊయలకు ఉన్నట్లు ఒక సహజమైన ఊపును ఏర్పరుస్తాయి. వంకర పోయిన రికార్డు ఎగుడుదిగుళ్ళు సెకండుకు ఆరేడు ఊపులలోపే ఉంటాయి; చెవికి వినబడే ధ్వని ఇరవై కంపనాలనుండి మొదలవుతుంది. చేతి ఊపు ఈ రెంటి నడుమ, ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య పడితే రెండింటికీ తగలదు. బరువైన చేతికి మరీ మెత్తని కార్ట్రిడ్జి తగిలిస్తే ఊపు నాలుగైదుకు దిగిపోయి, రికార్డు వంకరతో కలిసి చేయి పడవలాగ ఊగుతుంది. రెండూ వేరువేరుగా ఉత్తమమైనవే కావచ్చు. జత కుదరలేదన్న మాట. సంబంధాలు కుదిర్చే పెద్దలకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

ఈ సర్దుబాట్లలో ఏ ఒక్కటీ తక్కినవాటిని ముట్టకుండా ఉండదు. కార్ట్రిడ్జిని ముందుకు జరిపితే బరువు మారుతుంది. ఎత్తు మార్చితే ఓవర్‌హాంగ్ వెంట్రుకవాసి మారుతుంది. బరువు మార్చితే ప్రక్కలాగుడు మారుతుంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు నాలుగవ తీగ బిగించేసరికి మొదటిది కొంచెం సడలినట్లు, ఇక్కడ కూడ ఒక చుట్టు పూర్తి అయిన తరువాత మళ్ళీ మొదటికి వచ్చి చూసుకోవాలి. రెండవ చుట్టులో మార్పులు చిన్నవవుతాయి. మూడవ చుట్టు సాధారణంగా అక్కరలేదు. ఈ శ్రమంతా ఎందుకని, ముల్లును కత్తివలెనే తిన్నని గీతమీద నడిపించే చేతులను కూడ చేశారు. డెన్మార్కువారి బియోగ్రామ్ 4000 అనే యంత్రం 1972లో వచ్చింది. కోణదోషమూ లేదు, ప్రక్కలాగుడూ లేదు. కాని చేతిని జరపడానికి ఒక మోటారు, దానికి ఎప్పుడు జరపాలో చెప్పే ఏర్పాటు కావలసివచ్చాయి. ఇరుసుమీది చేయి సులువు. అందుకే అదే నిలిచింది.

తెలుగువారి ఇళ్ళలోని రికార్డులలో రెండు జాతులున్నాయని మరవకూడదు. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం, 1974లో కన్నుమూసిన ఘంటసాల తన చివరి కాలంలో పాడిన భగవద్గీత ఎల్.పి. రికార్డులు. వీటికి పైన చెప్పినదంతా వర్తిస్తుంది. ఘంటసాలే అంతకు ముందు పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం, నాటకాల పద్యాల ప్లేట్లు, హరికథలు 78 చుట్ల లక్క రికార్డులు. వాటి గాడి మూడింతలు వెడల్పు. ఎల్.పి. ముల్లును వాటిలో పెడితే అది గోడలను తాకక అడుగున దుమ్ములో దొర్లుతుంది. వినబడేది పాట కన్న గరగర ఎక్కువ. వాటి ముల్లును ఎల్.పి.మీద పెడితే ఆ రికార్డు అంతటితో సరి. తలను ఊడదీసి మార్చగలిగే చేతులలో రెండు తలలు ఉంచుకొని, ఒక్కొక్కదానికి దాని బరువును వ్రాసి పెట్టుకోవడం మంచి పద్ధతి.

పావలా బిళ్ళ క్రింద నలిగిన రికార్డుల మాటేమిటంటే, అరిగిన గోడను మళ్ళీ నింపే ఉపాయం లేదు. అయితే గుండ్రని కొన గోడను ఏ ఎత్తులో తాకిందో ఆ పట్టీయే అరిగి ఉంటుంది. దానికి పైనా క్రిందా గోడ కొంత మిగిలి ఉంటుంది. కోడిగ్రుడ్డు ఆకారంలో చెక్కినవి, గోడ వెంట సన్నని నిలువుగీతగా ఆనేవి కొన్ని ముళ్ళు ఉన్నాయి. అవి పాత ముల్లు తాకని చోటును తాకుతాయి. అటువంటి ముల్లుకు కోణం మరింత ఖచ్చితంగా ఉండాలి. పైన చెప్పిన అట్ట, అద్దం, త్రాసు అన్నీ రెండింతల ఓపికతో ప్రయోగించాలి. అట్లా అమర్చి వింటే, పాడైపోయిందని ప్రక్కన పెట్టిన రికార్డులో కూడ ఒక్కొక్కప్పుడు చివరి శ్లోకంలోని శకారం శకారంగా, సకారం సకారంగా తిరిగి వినిపిస్తాయి.